పదకొండో పిలుపు

దిల్‌సుఖ్‌నగర్,
మార్చి 3.

లచ్చన్నకు,

నువ్వు అడవిలో అటవీశాఖ క్యాంపుకి వంట చేయడానికి వెళ్లి నాలుగు నెలలైంది. స్టూడియోలో నువ్వు పట్టుకునే లైటు స్థానంలో ఇప్పుడు రెండు ఎల్‌ఈడీ లైట్లు స్టాండ్ల మీద నిలబడి ఉన్నాయి. చెప్పిన చోట నిలబడతాయి, ఎదురు మాట్లాడవు, టీ అడగవు. నాకు వాటిని చూస్తే ఒళ్లు మండుతోంది. ఇరవై రెండేళ్లు నీతో పోట్లాడిన నోరు ఊరుకుంటుందా? అందుకే ఈ ఉత్తరం.

మీ క్యాంపులో ఫోను పలకదని అండాలమ్మ వదిన చెప్పింది. మీ మేనల్లుడు రాజు శ్రీశైలం బస్సు కండక్టరే కదా, కవరు అతని చేతికిస్తే మన్ననూరులో దింపుతాడట. అక్కడి నుంచి మీకు బియ్యం, కూరగాయలు తెచ్చే జీపులో వస్తుందట. జవాబు కూడా అదే దారిన పంపు. బద్ధకించకు.

అసలు సంగతి చెప్తాను. వనస్థలిపురంలో ‘ప్రకృతి నేత్రం’ అని ఒక ఫోటో క్లబ్బు ఉంది. అడవి జంతువుల్నీ పక్షుల్నీ తీసేవాళ్లంతా అందులో ఉంటారు. నిరుడు నేనూ చేరదామని వెళ్లాను. అధ్యక్షుడు సాంబమూర్తి గారు నా ఆల్బం ఓపిగ్గా తిరగేసి, మూసి, “అమ్మా, పెళ్లిళ్లు మీరు చక్కగా తీస్తారండి. కానీ జంతువు పోజివ్వదు కదా. దీనికి ఓపిక కావాలి” అన్నాడు. ఓపికట! పెళ్లికూతురి మేనత్త అలక తీరేదాకా మూడు గంటలు కెమెరా మెడలో వేసుకుని నిలబడ్డ మనిషికి ఓపిక లేదట! చుట్టూ ఉన్నవాళ్లు మూతులు మూసుకుని నవ్వారు. నేను అప్పుడే అనుకున్నాను, వీళ్ల గోడ మీద నా ఫోటో వేలాడదీయకపోతే నా పేరు విజయదుర్గ కాదు.

ఈ ఏడు వాళ్ల పోటీకి విషయం ‘నగరంలో వన్యప్రాణి’. నాకు అడవికి వెళ్లే పనే లేదు. మన స్టూడియో కిటికీ ఎదురుగా ఆడపిల్లల హాస్టల్ ఉంది చూడు, దాని రెండో అంతస్తు బాల్కనీకి స్తంభం నుంచి వచ్చే ఇంటర్నెట్ కేబుల్‌కి తేనెపిట్ట గూడు కట్టింది. సాలెపురుగు దారం, ఎండుటాకులు, కోచింగ్ సెంటరు కరపత్రం పీలికలు, అన్నీ కలిపి చిన్న సంచిలా అల్లింది. దాని వెనకే ర్యాంకర్ల ముఖాలతో ఆ పెద్ద హోర్డింగు. దేవుడే ఫ్రేము కట్టి పెట్టాడు.

మనకు టీ పంపే ఈరమ్మ ఆ హాస్టల్లోనే వండుతోంది. బాల్కనీలో నిలబడనిచ్చింది. ఆడపిట్ట గూట్లో కూర్చుంటుంది. నల్లగా నిగనిగలాడే మగపిట్ట కేబుల్ మీద కనురెప్ప పాటు వాలి తుర్రుమంటుంది. నిన్న అలాగే తప్పించుకుంది. నాకు తెలియకుండానే నా నోట్లోంచి “మళ్లీ ఒక్కసారి!” అని వచ్చేసింది. ఈరమ్మ గరిటె పట్టుకుని ఒకటే నవ్వు. “గది పెండ్లికొడుకా దుర్గమ్మా, నువ్వు చెప్తే మళ్లొచ్చి కూసునేటందుకు?” అంది.

అక్కడ నువ్వు పులుల ఫోటోలు చూస్తుంటావట కదా. గొప్ప ఫోటో అని ఎలాంటిదాన్ని అంటారు వాళ్లు? రాయి.

నీతో పోట్లాటకు మొహం వాచిన
విజయదుర్గ


బేస్ క్యాంపు, మన్ననూరు అడవి,
మార్చి 12.

దుర్గమ్మకు,

కవరు అందింది. దానిమీద కూరగాయల తడి తగిలి నీ పేరు సగం చెదిరింది కానీ చేతిరాత చూసి పోల్చుకున్నాను. నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటే ఆల్బంలో మచ్చలు తీసినట్టు నువ్వే తీసేసుకో.

ఇక్కడ ఫోటోలు తీసే మనిషి ఉండడు. బాటకు అటొకటి ఇటొకటి చెట్లకు కెమెరాలు కట్టి వస్తారు. ఏదైనా ఎదురుగా కదిలితే దానంతటదే క్లిక్కుమంటుంది. పదిహేను రోజులకోసారి అడవి కాపలా కాసే వాచర్లు కార్డులు తెచ్చి ల్యాప్‌టాప్‌లో పెడతారు. నేను వాళ్ల వెనక గరిటెతో నిలబడి చూస్తాను. ఎక్కువగా గడ్డి ఊగిన ఫోటోలే. తర్వాత కొండముచ్చు చెయ్యి, అడవిపంది వీపు, పులి తోక. తోక చివర మాత్రమే.

మొన్న పులి ముఖం నిండుగా పడింది. ఫ్రేము కట్టించుకునేటట్టు ఉంది. నేను ఆహా అన్నాను. బీటు ఆఫీసరు అమల మేడం తల ఊపి, “ముఖంతోటి ఏం పని పెద్దయ్యా? పక్క చారలు కనబడాలె. అప్పుడే గది ఏ పులో తెలుస్తది” అన్నది. వాళ్లకు గొప్ప ఫోటో అంటే జంతువు గురించి కొత్త సంగతి చెప్పేది.

ఇంకో ఫోటో సంగతి కూడా రాస్తాను. ఎలుగుబంటి వానలో పోతున్నది. వీపు మీద పిల్ల, వెంట్రుకలు గట్టిగా పట్టుకుని ఉంది. తల్లి సగం ఫ్రేము బయటే ఉంది. మొత్తం అలికినట్టుగా ఉంది. నువ్వైతే చెత్తబుట్టలో వేస్తావు. కానీ అది వచ్చినప్పుడు ఎవ్వరూ అన్నం ముట్టలేదు. కంచాలు ముందు పెట్టుకుని అట్లనే చూస్తూ కూర్చున్నారు, నా చారు చల్లారిపోయింది. ఎందుకు అంత బాగున్నదని నేను ఆలోచించాను. ఎవరూ చూస్తున్నారని ఆ తల్లికి తెలియదు. తన తోవన తాను పోతున్నది. అంతే అనిపించింది.

ఇక్కడ వాచర్లు గూడు కనబడితే దారి మార్చుకుని పోతారు. నువ్వు కూడా బాల్కనీలో జర వెనక్కి నిలబడు. నీకు లెన్సు పెద్దదే కదా, కాళ్లు ముందుకు పోయే పని ఏముంది?

నా బిడ్డ జ్యోతిక సూర్యాపేట నుంచి మా ఎల్‌బీ నగర్ ఇంటికి వస్తే నాలుగు మంచిమాటలు చెప్పు. పిల్లల చదువులతో పరేషాన్‌లో ఉంది.

ఇట్లు,
చారు చల్లార్చుకున్న లచ్చయ్య


దిల్‌సుఖ్‌నగర్,
ఏప్రిల్ 7.

లచ్చన్నా,

గెలిచాను! మొదటి బహుమతి! మూడువందల ఫోటోల్లో నాదే మొదటిది!

ప్రింటు ఈ కవర్లోనే పెట్టాను. మడత పెట్టకుండా అట్ట మధ్య పెట్టి, రాజుకి బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లమని చెప్పాను. ముందు ఫోటో చూసి తర్వాత ఉత్తరం చదువు.

చూశావా? మెడ సాచి, నోరు తెరిచి, ఎప్పుడూ రెక్కల కింద దాచుకునే ఆ పసుపుపచ్చ ఈకల్ని రెండు వైపులా విప్పి, నేరుగా నా లెన్సు మీదికి వస్తోంది! వెనక హోర్డింగు మీద ర్యాంకర్ల ముఖాలు మసకగా ఉన్నాయి, ఒక్కో ముఖం బస్సంత. పిట్ట బొటనవేలంత. అయినా చూసేవాళ్లకు పిట్టే పెద్దదిగా కనబడుతుంది. ఈ దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంతమంది మధ్య తన జాగా కోసం కలబడుతున్న ప్రాణి అది. న్యాయనిర్ణేతల్లో ఒకావిడ అచ్చం ఈ మాటే అందట.

సాంబమూర్తి గారు ఫోను చేసి, “ఎలా పట్టారమ్మా ఈ క్షణాన్ని?” అన్నాడు. “ఓపికండీ” అన్నాను. ఆయన వెంటనే సభ తేదీ చెప్పడం మొదలుపెట్టాడు. అది చాలు నాకు, షీల్డు ఇవ్వకపోయినా ఫరవాలేదు!

మే 17న వనస్థలిపురంలో ఫంక్షన్ హాలులో సభ. నా ఫోటోను మనిషెత్తు ఫ్లెక్సీ వేయించి వేదిక మీద పెడతారట. ప్రాణికి ఏ ఇబ్బందీ కలిగించలేదని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, మామూలే. మా నాన్నగారు ఉంటే ఎంత పొంగిపోయేవారో! పెళ్లిళ్ల స్టూడియో పెడతానంటే ఆడపిల్లకి అదేం పని అన్న మనిషే. నువ్వు పనిలో చేరిన మొదటి రోజు నన్ను ‘నువ్వు’ అన్నావని అదిరిపడ్డారు, గుర్తుందా? మీ నల్లగొండలో అందరినీ అలాగే అంటారని చెప్పి ఆయన్ను చల్లార్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

పిట్టలు బాగున్నాయి.

నువ్వు సభకు రావాలి. ఆ రోజు వంట ఇంకెవరైనా చూసుకుంటారు.

తల ఎగరేసుకుని తిరుగుతున్న
విజయదుర్గ


బేస్ క్యాంపు,
ఏప్రిల్ 16.

దుర్గమ్మకు,

ఫోటో నలగకుండా చేరింది. పొయ్యి పొగ తగలని గోడ చూసి, సరుకుల లిస్టు పక్కన అంటించాను. వాచర్లందరూ చూసి మెచ్చుకున్నారు. “గింత చిన్న పిట్టకు గంత కోపమా!” అన్నారు. వెలుగు బాగా పట్టావు. ఎడమ పక్క నుంచి పొద్దుటి ఎండ, రెక్క మీద నీలం రంగు తేలింది. నేనున్నా అంతకంటే బాగా పట్టను.

నాకు ఒక్కటి మాత్రం అర్థం కాలేదు, అడుగుతున్నా. ఏమనుకోకు.

క్యాంపు ముందు మోదుగ చెట్టు ఉంది. పూలున్నంత కాలం దానిమీద ఈ తేనెపిట్టలే. బియ్యం ఏరుకుంటూ రెండు నెలలు వాటినే చూశాను. ఆ పసుపు ఈకలు అది ఊరికే తీయదు. ఆడపిట్ట ముందు తీస్తుంది, అప్పుడు పాడుతూ అటూ ఇటూ ఊగుతుంది, కోపం ఉండదు. ఇట్లా నోరు తెరిచి మీదికి దూకేది మాత్రం ఇంకో మగపిట్ట తన చోటికి వచ్చిందనుకున్నప్పుడే.

ఈ ఫోటోలో అది నీ మీదికి వస్తున్నది. ఆ ఇంకో పిట్ట ఎక్కడుంది దుర్గమ్మా?

ఇదివరకు లైటు నేను పట్టుకునేవాణ్ని కాబట్టి ఫ్రేము బయట ఏముందో నాకు తెలిసేది. ఇప్పుడు తెలియక అడుగుతున్నా.

లచ్చయ్య


దిల్‌సుఖ్‌నగర్,
ఏప్రిల్ 22.

లచ్చయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు ఈ ఐదు నెలల్లో పక్షిశాస్త్రం కూడా చదివేశారని తెలిసి సంతోషం.

ఆ ఇంకో పిట్ట నా ఫోనులో ఉంది. చాలా? తేనెపిట్ట కూత ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. దాన్ని పెట్టాను. వచ్చింది. ఫోకస్ తప్పింది. మళ్లీ పెట్టాను. మళ్లీ వచ్చింది. వరసగా మూడు రోజులు పొద్దున పెట్టాను. పదకొండోసారి వచ్చినప్పుడు మీ గోడ మీదున్న ఆ ఫోటో పడింది. నేనేమైనా రాయి పెట్టి కొట్టానా? వల వేశానా? పాట వినిపించాను. క్లబ్బులో సగం మంది చేసేది అదే. పైగా వాళ్లు ఖరీదైన స్పీకర్లు కొంటారు!

మగవాళ్లు అడవికి వెళ్లి చేస్తే అది విద్య, పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ బాల్కనీలో నిలబడి చేస్తే తప్పా? యాభైకి దగ్గరపడ్డాక మొదటిసారి నన్ను ఫోటోగ్రాఫర్ అన్నారు. అంతకు ముందు ‘ఫోటోలమ్మ’ అనేవారు. దాన్ని ఎవరి కోసమూ వదులుకోను. మే 17న వేదిక ఎక్కుతాను, షీల్డు తీసుకుంటాను.

ఇంకో మాట. ‘మళ్లీ ఒక్కసారి’ అనేది నా ఒక్కదాని మాటేం కాదు. ఇరవై రెండేళ్లు నా పక్కన నిలబడి నాకంటే గట్టిగా అరిచింది మీరే. తలంబ్రాలు మళ్లీ పోయించలేదా? అరుంధతీ నక్షత్రం మళ్లీ చూపించలేదా? అంతెందుకు, మీ జ్యోతిక పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే సమయానికి మీరే లైటు దించేస్తే, అల్లుడి చేతులు మళ్లీ మెడ వెనక పెట్టించి నేనే ఫోటో తీశాను. పద్దెనిమిదేళ్లుగా ఎల్‌బీ నగర్‌లో మీ గుమ్మం ఎదురుగా ఉన్నది ఆ ఫోటోనే. అప్పుడు అడగలేదేం, ఫ్రేము బయట ఏముందని?

విజయదుర్గ


బేస్ క్యాంపు,
మే 2.

దుర్గమ్మకు,

నన్ను ‘మీరు’ అని రాశావు. ఈ ఉత్తరం నాకేనా అని కవరు తిప్పి పేరు చూసుకున్నాను. నువ్వు తిడితే నాకు ఎప్పుడూ బాధ లేదు. ఈ ‘మీరు’కు మాత్రం బాధపడ్డాను.

జ్యోతిక పెళ్లి సంగతి తీశావు కాబట్టి చెప్తాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, అండాలమ్మకు కూడా.

గుమ్మం ఎదురుగా ఉన్న ఆ ఫోటోను అందరూ మెచ్చుకుంటారు. బిడ్డ ఎంత బాగా నవ్వుతున్నదో అంటారు. నవ్వుతున్నది నిజమే, నీ కెమెరా వైపు చూసి. అప్పటికి మూడు ముళ్లూ పడిపోయాయి. ఆ ముళ్లు పడేటప్పుడు నా బిడ్డ ముఖం ఎట్లుందో ఏ ఫోటోలోనూ లేదు. తప్పు నాదే. లైటు వైరు సరిచేస్తూ కిందికి దించాను. ఫ్రేము చీకటైంది. నువ్వు చుట్టాలందరి ముందు, “లైటు ఎటు చూస్తోంది లచ్చన్నా!” అని కసిరావు. నేను గాబరాపడి, “మళ్ల ఒక్కసారి బిడ్డా, జర నవ్వు” అన్నాను. జ్యోతిక కళ్లు తుడుచుకుని నవ్వింది.

అంటే ఏడుస్తుండె. నవ్వమన్నది నేనే. ఆ గోడ వైపు చూసినప్పుడల్లా నాకు అదే గుర్తుకొస్తుంది.

నా బిడ్డ కాబట్టి నా మాట విన్నది. పిట్ట మన మాట వినలేదు దుర్గమ్మా. దొంగ వచ్చాడనుకుని పదకొండుసార్లు గూడు కాపాడుకోవడానికి వచ్చింది. పన్నెండోసారి నువ్వు పిలవలేదు, ఎందుకంటే నీకు ఫోటో దొరికింది. దానికి మాత్రం ఆ సంగతి తెలియదు.

షీల్డు తీసుకోవద్దని చెప్పడానికి నేనెవణ్ని? కానీ పోయిన ఉత్తరంలో ‘పిట్టలు బాగున్నాయి’ అనే మాట కొట్టేసి మళ్లీ రాశావు. గూడు సంగతి ఈ ఉత్తరంలో అసలు ఎత్తలేదు. ఇరవై రెండేళ్లు నీ పక్కన నిలబడ్డాను, నువ్వు ఏది దాస్తావో నాకు తెలుస్తుంది.

సభకు రాలేను. అడవి అంటుకునే అగ్గి కాలం, క్యాంపు వదిలి ఎవరూ పోవద్దన్నారు.

లచ్చయ్య


దిల్‌సుఖ్‌నగర్,
మే 20.

లచ్చన్నా,

నువ్వు. ఇక ఎప్పటికీ నువ్వే. ఆ ‘మీరు’ను నా మొహాన కొట్టు.

పిట్టలు బాగాలేవు. నీకు గెలిచానని రాసేనాటికే గూడు ఖాళీ అయి రెండు వారాలు. మూడో రోజు ఫోటో పడగానే నేను గంతులేసుకుంటూ స్టూడియోకి వచ్చేశాను. రెండు రోజుల తర్వాత ఈరమ్మ టీ తెచ్చి, గ్లాసు బల్ల మీద పెట్టకుండా చేత్తో పట్టుకునే నిలబడింది. “దుర్గమ్మా, తల్లి వస్తలేదు. గుడ్లు రెండు అట్లనే ఉన్నయ్. నేను ఏలు పెట్టి చూసిన, సల్లగైనయ్” అంది. నేనేమన్నానో తెలుసా? “కాకులొచ్చి ఉంటాయిలే” అన్నాను. ఈరమ్మ, “కాకులు గుడ్లు ఇడిసిపెట్టి పోతయా?” అని గ్లాసు పెట్టేసి వెళ్లిపోయింది. అప్పటి నుంచి తను టీ పంపడం లేదు. ఆ మాట నీకు రాయలేదు. ఆ మర్నాడే పోటీ కాగితం మీద సంతకం పెట్టాను.

నీ ఉత్తరం వచ్చాక పది రోజులు నిన్ను మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. తర్వాత తిట్లు అయిపోయాయి.

17న సభకు వెళ్లాను. పట్టుచీర కట్టుకుని, ఆల్బం ప్రింట్లకు నంబర్లు వేసే ఎర్ర మార్కరు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని మరీ వెళ్లాను. ముందే సాంబమూర్తి గారిని పక్కకు పిలిచి జరిగిందంతా చెప్పాను. ఆయన గడియారం చూసుకున్నాడు. “చూడండమ్మా, కూత వినిపించడం అందరూ చేసేదే. ఆ కాగితం ఒక లాంఛనం. గుడ్లు ఎందుకు పాడయ్యాయో ఎవరు చెప్పగలరు? ఇప్పుడు గొడవ చేస్తే క్లబ్బు పరువు పోతుంది, మీ పరువూ పోతుంది. షీల్డు పుచ్చుకుని రెండు ముక్కలు మాట్లాడి దిగిపోండి” అన్నాడు.

సరే, రెండు ముక్కలే మాట్లాడాను. మైకు పట్టుకుని, “ఈ ఫోటో ఓపికతో తీశానని చెప్పాను, అబద్ధం. ఫోనులో దొంగపిట్ట కూత పెట్టి పదకొండుసార్లు దీన్ని రప్పించాను” అన్నాను. వెనక ఎవడో, “పెళ్లిళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది!” అన్నాడు. నవ్వారు.

నాకు కోపం నషాళానికి అంటింది లచ్చన్నా. “అవును, పెళ్లిళ్ల అలవాటే! మళ్లీ ఒక్కసారి అని అడగడం నాకు అక్కడే అబ్బింది. నేను ఒప్పుకున్నాను. మరి మీరు? ఈ గోడల మీదున్న ఫోటోల్లో కూత పెట్టకుండా, ఎర వేయకుండా తీసినవి ఎన్ని? చేతులెత్తండి!” అన్నాను. అరవై మందిలో తొమ్మిది చేతులు లేచాయి. అందులో ఒకటి మళ్లీ దిగింది. సాంబమూర్తి గారు తన కండువా సర్దుకుంటూ ఉండిపోయాడు.

అప్పుడు మార్కరు తీసి ఆ మనిషెత్తు ఫ్లెక్సీ మీద, పిట్ట కింద రాశాను: ‘ఈ ఫోటో కోసం ఒక గూడు ఖాళీ అయింది. తీసింది విజయదుర్గ.’ ఎర్ర అక్షరాలు, బెత్తెడంత. ఎవరో ఆపబోయారు. ఆపితే ఆగే మనిషినా? షీల్డు బల్ల మీదే ఉంచి దిగాను. దిగేముందు సాంబమూర్తి గారితో, “వచ్చే ఏడు కూడా వస్తానండి. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్‌గానే వస్తాను” అని చెప్పాను. రావద్దంటే గేటు ముందు నిలబడతాను. నాకు ఓపిక లేదని ఎవరైనా అంటే అప్పుడు చూపిస్తాను.

మర్నాడు నీ కోసం ఒక పని పెట్టుకున్నాను. పాత నెగటివ్‌లు దాచిన బిస్కెట్ డబ్బాలు దించాను. నేను ఏదీ పారేయనని నువ్వు సణిగేవాడివి కదా, ఇప్పుడు మెచ్చుకో. ‘జ్యోతిక – లచ్చన్న’ అని ఎర్ర మార్కరుతో రాసిన డబ్బా దొరికింది. నేను కసిరి, మళ్లీ పెట్టించిన ఫోటోకు ముందు ఫ్రేము, చీకటి పడిందని ఎప్పుడూ ప్రింటు వేయించనిది, దాన్ని స్కాన్ చేశాను. వీలైనంత వెలుగు తెచ్చాను, ఎక్కువ రాలేదు.

కన్యాదానం కాగానే పీటల మీద నుంచి లేచి, పట్టుపంచెతోనే వచ్చి లైటు అందుకున్నావు. వేరేవాడు పట్టుకుంటే నా బిడ్డ ముఖం మీద నీడ పడుతుందన్నావు. గుర్తుందా? ఫ్రేములో ఎడమ అంచున నువ్వే ఉన్నావు. లైటు నీ చేతిలోనే ఉంది, చాప వైపు వాలిపోయి ఉంది. వైరు శుభ్రంగా ఉంది లచ్చన్నా. దాని మీద నీ చెయ్యి లేదు. నువ్వు దేన్నీ సరిచేయడం లేదు. నోరు కొంచెం తెరుచుకుని జ్యోతికనే చూస్తున్నావు.

జ్యోతిక కళ్లు నిండా నీళ్లు. తను పెళ్లికొడుకు వైపు చూడటం లేదు, నా కెమెరా వైపు చూడటం లేదు. నీ వైపు చూస్తోంది.

ముప్ఫై ఏళ్లలో నేను తీసిన ఫోటోలన్నిట్లో ఇదే గొప్పది. దీన్ని చెడిపోయిందని డబ్బాలో పడేసి, నిన్ను నలుగురిలో కసిరాను. నన్ను క్షమించమని అడగను, నువ్వు ఎలాగూ క్షమిస్తావని తెలుసు. ప్రింటు అట్ట మధ్య పెట్టి పంపుతున్నాను.

నిన్న ఈరమ్మ టీ పంపింది. చక్కెర వేయలేదు. తాగాను.

నీ
దుర్గ


బేస్ క్యాంపు,
మే 30.

దుర్గమ్మకు,

ఫోటో చేరింది.

వైరు సరిచేస్తున్నానని పద్దెనిమిదేళ్లు చెప్పాను. చెప్పి చెప్పి నాకూ అదే నిజమనిపించింది. బిడ్డ ముఖం నేను చూడలేదనుకున్నాను. చూశానని ఈ ఫోటో చెప్తున్నది. నేను చూడడమే కాదు, అదీ నన్ను చూసింది.

పిట్ట ఫోటో గోడ మీద నుంచి తీయలేదు. దాని కింద నువ్వు రాసిన మాటనే బొగ్గుతో రాశాను. వాచర్లు చదువుకుని పోతున్నారు. దాని పక్కన జ్యోతిక ఫోటో పెట్టాను. అమల మేడం దగ్గరికి వచ్చి, “గిదేంది పెద్దయ్యా, ఇంత చీకటిగ ఉంది?” అని అడిగింది. “లైటు పట్టుకున్నోడు దించిండు” అన్నాను. “ఎందుకట్ల?” అన్నది. “బిడ్డను చూసుకుంటుండె” అన్నాను. ఆమె చాలాసేపు చూసి పోయింది.

నువ్వు ఇంకో ప్రింటు తీసి ఎల్‌బీ నగర్ పో. గుమ్మం ఎదురుగా ఉన్న ఆ నవ్వే ఫోటో దించి, దాని మేకుకే ఇది తగిలించు. అండాలమ్మ ఊరుకోదు. అల్లుడి ముఖం కనబడటం లేదని చుట్టాలంతా అంటారు.

అననీ.

లచ్చయ్య